వాన లేకుండా వచ్చే బురద

మార్చి చివరి వారం. పొద్దున ఆరున్నరకి మా ఇంటి ముందున్న మట్టిరోడ్డు మీద నడిస్తే బూట్ల కింద బండరాయి మీద నడిచినట్టే ఉంది. ముందురోజు సాయంత్రం కార్లు చేసిన గాళ్ళు రాత్రికి అలాగే గడ్డకట్టుకుపోయాయి. వాటి అంచులు ఎంత గట్టిగా ఉన్నాయంటే కాలితో తన్నినా పెచ్చు ఊడలేదు. అదే చోట మధ్యాహ్నం మూడింటికి కాలు పెడితే చీలమండ దాటి దిగిపోయింది. ఈ ఎనిమిదిన్నర గంటల్లో ఒక్క చినుకు పడలేదు. వారం రోజులుగా ఆకాశంలో మబ్బే లేదు.

నేను పుట్టింది నంద్యాల వైపు నల్లరేగడి పల్లెలో. బురద నాకు కొత్త కాదు. చెప్పులు చేత్తో పట్టుకుని బడికి పోయినవాణ్ణి. కానీ మన బురదకి ఒక లెక్క ఉంటుంది. వాన పడితే వస్తుంది, ఎండ కాస్తే పోతుంది. ఇక్కడ, అమెరికా ఈశాన్య మూలలో ఉన్న వెర్మాంట్‌లో, ఆ లెక్క తిరగబడింది. ఎండ కాస్తే బురద వస్తుంది, చలి పెరిగితే పోతుంది. వచ్చిన మొదటి ఏడాది ఇది నాకు అస్సలు అర్థం కాలేదు. పక్కింటి పెద్దాయన పాడి రైతు, ఆ రోడ్డు మీదే పుట్టి పెరిగినవాడు. ఆయన చెప్పిన ఒక్క మాటతో ముడి విడిపోవడం మొదలైంది: ఈ నీళ్ళు పైనుంచి పడ్డవి కావు, కిందనుంచి ఎక్కినవి.

వెర్మాంట్ చిన్న రాష్ట్రం. 2020 జనాభా లెక్కల ప్రకారం మొత్తం జనం ఆరున్నర లక్షల లోపే. కొండలు, అడవులు, వాటి మధ్య విసిరేసినట్టు ఊళ్ళు. రాష్ట్రంలో ఉన్న రోడ్లలో సగానికి పైగా తారు లేనివే. అమెరికా అనగానే మనకి ఎనిమిది వరసల హైవేలు గుర్తొస్తాయి గానీ, ఇక్కడ మంచి జీతాలొచ్చే ఉద్యోగస్తులు, డాక్టర్లు, టీచర్లు కూడా రోజూ కంకర రోడ్డు మీదే ఇంటికి చేరతారు. శీతాకాలానికీ వసంతానికీ మధ్య వచ్చే ఆ నాలుగైదు వారాల్ని ఇక్కడివాళ్ళు 'మడ్ సీజన్' అంటారు. ఇక్కడి లెక్కలో రుతువులు నాలుగే, దీన్ని ఐదో రుతువు అని కూడా అంటారు, ఆ మాట పూర్తిగా మనసులోంచే అంటారు.

ఈ బురద ఎక్కడిదో తెలియాలంటే ముందు మంచు గురించి మనకున్న ఒక నమ్మకాన్ని పక్కన పెట్టాలి. నీళ్ళు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయని బళ్ళో చదువుకున్నాం. చలికాలంలో ఇక్కడి రోడ్లు పైకి ఉబ్బడానికి అదే కారణమని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే ఆ మాట నిలవదు. మూడడుగుల లోతు మట్టిలో మూడో వంతు నీళ్ళే ఉన్నాయనుకుందాం. అంటే పన్నెండు అంగుళాల నీళ్ళు. అందులో 9 శాతం ఒక అంగుళం చిల్లర. మరి ఇక్కడి రోడ్లు కొన్ని చోట్ల నాలుగంగుళాలు, ఆరంగుళాలు కూడా లేస్తాయి. మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చింది?

దీన్ని తేల్చినవాడు స్టీఫెన్ టేబర్. దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రవేత్త. మంచు పెద్దగా పడని చోట ఉండి మంచు గుట్టు విప్పాడాయన. 1929, 1930ల్లో ప్రచురించిన ప్రయోగాల్లో ఆయన చేసిన ఒక పని నాకు చాలా నచ్చుతుంది. మట్టిలో నీళ్ళకి బదులు బెంజీన్ పోసి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది! అంటే లేపుతున్నది ఉబ్బడం కాదు. కిందనున్న ద్రవం గడ్డకట్టే చోటికి ఎక్కి వచ్చి అక్కడ పొరలు పొరలుగా చేరుతోంది.

ప్రమిదలో వత్తిని తలుచుకోండి. నూనె అడుగున ఉంటుంది, మంట కొసన ఉంటుంది. కొసన నూనె అయిపోతున్న కొద్దీ వత్తి కిందనుంచి పీలుస్తూనే ఉంటుంది. రోడ్డు కింద మట్టి కూడా అంతే. పైనుంచి చలి దిగుతూ ఒక లోతు దగ్గర నీటిని గడ్డకట్టిస్తుంది. అక్కడ నీరు మంచుగా మారిపోవడంతో ఆ చోటికి కిందనున్న తడి సన్నటి సందుల గుండా పైకి లాగబడుతుంది. అదీ గడ్డకడుతుంది. మళ్ళీ ఇంకొంత వస్తుంది. ఇలా డిసెంబరు నుంచి మార్చి దాకా మట్టిలో అడ్డంగా స్వచ్ఛమైన మంచు పలకలు పెరుగుతాయి. కొన్ని కాగితమంత పలచన, కొన్ని వేలు మందం. వత్తి మంటకి నూనెని మోసినట్టు, ఈ మట్టి చలికి నీటిని మోస్తుంది. నాలుగు నెలల పాటు.

దీని చిన్న నమూనా ఎవరైనా కళ్ళారా చూడొచ్చు. నవంబరులో తడి నేల మీద మొదటి గట్టి చలి పడ్డ పొద్దున మా ఇంటి దారి పక్కన వంగి చూస్తే, నేల పై పెచ్చు రెండంగుళాలు పైకి లేచి ఉంటుంది. దాన్ని వేలితో ఎత్తితే కింద వేల కొద్దీ మంచు సూదులు, దువ్వెన పళ్ళలా నిలువుగా, పక్కపక్కనే. ఒక్కో సూది నెత్తిన ఒక ఇసుక రేణువో, చిన్న గులకరాయో. కాలు పెడితే అప్పడం విరిగినట్టు చప్పుడవుతుంది. ఎండ తగిలిన అరగంటకి సూదులు కరిగి, రాళ్ళు కింద పడి, ఆ చోటు పిడికెడు బురద అవుతుంది. మడ్ సీజన్ అంటే ఇదే, మూడు నాలుగడుగుల లోతున, మైళ్ళ పొడవున.

మట్టి రకం ఇక్కడే లెక్కకొస్తుంది. ముతక ఇసుకలో సందులు పెద్దవి, వాటిలో నీరు పైకి ఎక్కలేదు. చిక్కటి బంకమన్నులో సందులు మరీ సన్నవి, నీరు ఎక్కుతుంది గానీ నత్తనడక. ఈ రెండింటికీ మధ్య, పిండిలా మెత్తగా ఉండే ఒండ్రుమట్టిలోనే వత్తి బాగా పనిచేస్తుంది. సన్నగా ఉంది కాబట్టి లాగుతుంది, మరీ సన్నం కాదు కాబట్టి వేగంగా లాగుతుంది. వెర్మాంట్ కొండల్ని ఒకప్పుడు మైలు మందాన మంచు కప్పేసింది. ఆ హిమానీనదాలు రాతిని అరగదీసి వదిలిపోయిన మట్టిలో ఈ సన్నటి పిండి చాలా చోట్ల దండిగా ఉంది.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. రోడ్డు పక్కన అడవిలో నేల ఇంత లోతుగా గడ్డకట్టదు. కురిసిన మంచు దుప్పటిలా కప్పి వెచ్చగా ఉంచుతుంది. రోడ్డు మీద ఆ దుప్పటి ఉండదు. బళ్ళు తిరగాలి కాబట్టి మంచు పడ్డ ప్రతిసారీ తోసేస్తాం. ఒట్టి నేల మీద చలి నేరుగా కూర్చుంటుంది. జనవరిలో రోడ్డు నడవాలని చేసే పనే మార్చిలో రోడ్డు కరగడానికి సగం కారణం. దీనికి మందు లేదు.

ఇప్పుడు కరగడం. పైన ఎండ, వెచ్చటి గాలి. కింద ఇంకా రెండడుగుల గడ్డ. కరుగుడు ముఖ్యంగా పైనుంచే మొదలవుతుంది. మొదటి ఆరంగుళాలు కరిగి నీళ్ళొదిలితే ఆ నీళ్ళు కిందికి ఇంకాలి కదా. ఇంకలేవు. కింద గడ్డకట్టిన పొర సిమెంటు గచ్చులా అడ్డం. పక్కలకి పోదామంటే రోడ్డు అంచున మంచు తోసిన గట్లు. పైగా ఆ గట్లు కరిగిన నీళ్ళు కూడా రోడ్డు మీదికే వస్తాయి. చిల్లు లేని గంగాళంలో మట్టి కలిపినట్టవుతుంది రోడ్డు. నాలుగు నెలలపాటు వత్తి మోసిన నీళ్ళన్నీ ఒక్క వారంలో, ఎటూ పోయే దారి లేని చోట విడుదలవుతాయి.

మట్టి బరువు మోసేది రేణువు మీద రేణువు ఆనుకుని. సందుల్లో నీరు నిండిపోతే బండి బరువు రేణువుల మీద కాకుండా నీటి మీద పడుతుంది. నీరు బరువుకి నిలవదు, పక్కకి జరుగుతుంది, మట్టిని కూడా తోడు తీసుకుపోతుంది. పైకి గట్టిగా కనిపించే కంకర మీద కారు పోతుంటే రోడ్డు పరుపులా కుంగి లేవడం నేను చాలాసార్లు చూశాను. అలా కుంగిన ప్రతిసారీ కింద బురద పైకి పంపు కొట్టినట్టు ఎక్కుతుంది, పైన కంకర కిందికి దిగుతుంది. అందుకే ఏప్రిల్‌లో రోడ్డంతా బురదే కనిపిస్తుంది. కిందటేడు వేసిన కంకర ఏమైందని అడిగితే, అది అడుగుకి చేరింది.

నల్లరేగడిలో జరిగేది వేరు. ఆ బంకమన్ను నీళ్ళని తన రేకుల మధ్యకి పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళు తీస్తుంది. దాని జిగట బండిచక్రానికి చుట్టుకుని ఎద్దుల్ని నిలబెట్టేస్తుంది. వెర్మాంట్ బురదకి అంత జిగట లేదు, కానీ అడుగు దొరకదు. మనవాళ్ళు రేగడి దారిలో వాన వెలిసిన రెండు రోజులు ఆగితే చాలనుకుంటారు. ఇక్కడ అలా ఆగాలంటే కింద గడ్డంతా కరిగి నీరు లోపలికి ఇంకే దాకా, అంటే వారాలు ఆగాలి. దీనితో ఎలా బతకాలన్నదానికి వేళ్ళు ఈ తేడాలోనే ఉన్నాయి.

అన్ని చోట్లా ఒకేలా ఉండదు. మా రోడ్డు పొడవు రెండు మైళ్ళు. దక్షిణం వైపు ఎండ తగిలే వాలు మార్చి పదిహేనుకే మొదలై, ఏప్రిల్ మొదటి వారానికి ఆరిపోతుంది. హెమ్లాక్ చెట్ల నీడలో ఉన్న మలుపు అప్పుడు మొదలవుతుంది. పాత రోడ్లకి ఇంకో జబ్బు ఉంది. వందేళ్ళుగా గీకి గీకి రోడ్డు చుట్టుపక్కల పొలాల కంటే కిందికి దిగిపోయింది. ఒకప్పటి బండ్లబాట ఇప్పుడు కాలువలాంటిది. చుట్టూ ఉన్న నేల నీళ్ళన్నీ అందులోకే.

రోజు లోపలి లెక్క కూడా తెలియాలి. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులే మేపుల్ చెట్ల పాకానికి కూడా రోజులు. ఆ ఎగుడుదిగుడు వేడికే చెట్టులో రసం కదులుతుంది. చెట్టుకి చిన్న రంధ్రం పెట్టి గొట్టం తగిలిస్తే నీళ్ళలాంటి తియ్యటి రసం కారుతుంది. సుమారు నలభై లీటర్లు మరగబెడితే ఒక లీటరు పాకం. అమెరికాలో తయారయ్యే మేపుల్ పాకంలో సగం దాకా ఈ చిన్న రాష్ట్రానిదే. బెల్లం గానుగల దగ్గర పొగ, పాకం వాసన ఎరిగినవాళ్ళకి ఇక్కడి పాకం కొట్టాలు ఇంటి దగ్గర ఉన్నట్టే అనిపిస్తాయి. రసం ఆగకుండా వస్తుంటే రైతు మొహం వెలిగిపోతుంది, అదే వారం ఆ కొట్టానికి పోయే దారి ఊబి అవుతుంది. రెండూ ఒక్క వాతావరణం ఇచ్చేవే.

ఇక బరువు. నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి కీలకం ఇదే. 1958 నుంచి 1960 దాకా ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర అమెరికా రోడ్ల ఇంజినీర్లు గుండ్రటి రోడ్లు వేసి, వాటి మీద లారీల్ని రాత్రింబవళ్ళు తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకి నష్టం రెండింతలు కాదు, సుమారు పదహారింతలని తేలింది. ఒక టన్ను ఇరుసు బరువున్న కారునీ, ఎనిమిది టన్నుల ఇరుసు బరువున్న లారీనీ ఆ లెక్కలో పెడితే, లారీ ఒక్కసారి పోవడం కారు నాలుగు వేల సార్లు పోయినంత. ఆ ప్రయోగం తారు, కాంక్రీటు రోడ్ల మీద చేసింది. తడిసి ముద్దయిన మట్టిరోడ్డుకి ఇంత నిక్కచ్చి లెక్క కుదరదు, ఎందుకంటే ఒక బరువు దాటాక అక్కడ అరుగుదల ఉండదు, ఒక్క దెబ్బకి తెగిపోవడమే ఉంటుంది.

అందుకే మార్చిలో ఊళ్ళన్నీ మట్టిరోడ్ల మొదట్లో బోర్డులు కడతాయి. చాలా ఊళ్ళలో హద్దు 15,000 పౌండ్లు, అంటే ఏడు టన్నుల లోపు. కొన్ని ఊళ్ళు తెల్లవారుజామున, రోడ్డు గట్టిగా ఉన్న గంటల్లో మాత్రం సడలింపు ఇస్తాయి. ఈ బోర్డు ఎంతమంది బతుకుల్లోకి వస్తుందో బయటివాళ్ళకి తెలియదు. దుంగలు మోసే లారీలు ఆగిపోతాయి, అడవిలో కోతపని చేసేవాళ్ళకి ఆ నెల పని ఉండదు. ఇళ్ళు వెచ్చబెట్టుకునే నూనె, ప్రొపేన్ ట్యాంకర్లు రావు కాబట్టి ఫిబ్రవరిలోనే ట్యాంకు నింపుకోవాలి. ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళ కాంక్రీటు ఆగుతుంది. పాలు మాత్రం ఆగవు. ఆవు రెండు పూటలా ఇస్తుంది, రైతు దగ్గరున్న తొట్టి ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది. మా పక్కింటి పెద్దాయన దగ్గరికి పాల ట్యాంకర్ తెల్లారకముందే వచ్చి, ఎండెక్కేలోపు తారు రోడ్డు చేరేది. మార్చి నెలంతా ఆయన అలారం మూడున్నరకి. బురద ముదిరిన రోజుల్లో స్కూల్ బస్సు కూడా మట్టిరోడ్లలోకి రాదు. పిల్లల్ని తారు రోడ్డు కూడలికి మనమే చేర్చాలి. అన్నిటికంటే టెన్షన్ అంబులెన్సు గురించే. గుండె జబ్బున్న పెద్దవాళ్ళు కొందరు ఆ నెల పట్నంలో ఉన్న పిల్లల దగ్గరికి పోతారు.

ఊరివాళ్ళు కోపంగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇంత బురదగా ఉంటే రోడ్డు మనుషులు వచ్చి కంకర పొయ్యరేం? నేనూ అడిగాను. సమాధానం తెలిశాక ఆ మనుషుల మీద గౌరవం పెరిగింది. పది టన్నుల కంకర పొయ్యాలంటే ఆ పది టన్నుల్ని మోసే లారీ ఆ బురదలోకే రావాలి. అది చేసే గాడి అది పూడ్చే గాడికంటే లోతు. గ్రేడర్‌తో చదును చేస్తే, ఎండకి ఆరుతున్న పై పెచ్చు చెదిరి తడి మళ్ళీ బయటికొస్తుంది. బండి అసలు పోలేని చోట మాత్రం పెద్ద రాళ్ళు వేసి ఆపద గట్టెక్కిస్తారు. మిగతా చోట చెయ్యగలిగింది కాలువలు తెరవడం, మంచుతో మూసుకున్న తూముల మూతి ఆవిరితో కరిగించి తెరవడం, నీటికి దారి చూపడం. ఆపైన ఆగడం. ఏమీ చెయ్యకుండా నిలబడటమే సరైన పని అని తెలిసి, రోజూ ఫోన్లో తిట్లు తినడం ఎంత కష్టమో ఆలోచించండి.

అసలు పని జరిగేది వేసవిలో. రోడ్డు మధ్య ఎత్తుగా, రెండు వైపులా వాలుగా ఉండాలి. అడుగుకి అరంగుళం వాలు, అంటే నాలుగు శాతం. తారు రోడ్డుకి ఇందులో సగం చాలు, కంకర రోడ్డు మీద నీరు అంత తేలిగ్గా జారదు. కాలువ లోతుగా ఉండాలి. కంకరలో సన్నటి పొడి ఎంత ఉండాలన్నది అన్నిటికంటే చిక్కు. పొడి లేకపోతే రాళ్ళు పట్టుకోవు, వేసవిలో గలగలా దొర్లి పక్కకి పోతాయి. పొడి ఎక్కువైతే అదే వత్తి అవుతుంది, మళ్ళీ చలికాలం నీళ్ళు ఎక్కుతాయి. జూలైలో రోడ్డుని బిగించి పట్టే పొడే మార్చిలో దాన్ని ముంచుతుంది. మరీ చెడ్డ చోట్ల రోడ్డు తవ్వి, కింద గట్టి బట్టలాంటి నేత పరిచి, దాని మీద పెద్ద రాయి, ఆపైన కంకర వేస్తారు. ఆ బట్ట నీటిని పోనిస్తుంది, బురదనీ రాయినీ కలవనివ్వదు. ఇలా చేసిన చోటికీ చెయ్యని చోటికీ ఏప్రిల్‌లో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కానీ ఖర్చు. మైళ్ళకి మైళ్ళు తవ్వి పోసే స్తోమత వెయ్యిమంది ఉన్న ఊరికి ఉండదు. ఏటా కొన్ని వందల అడుగులు, అంతే.

ఆ డబ్బు ఎంతన్నది ఊరివాళ్ళే తేలుస్తారు. మార్చి మొదటి మంగళవారం వెర్మాంట్‌లో ఊరి సభల రోజు. చాలా ఊళ్ళలో జనం ఒక హాల్లో కూర్చుని ఊరి బడ్జెట్ పద్దు పద్దుగా చర్చించి చేతులెత్తి ఓటేస్తారు. చిన్న ఊళ్ళ ఖర్చులో రోడ్లదే పెద్ద వాటా. నా మొదటి సభలో ఒకావిడ లేచి, మా మలుపు దగ్గర బట్ట ఎప్పుడు వేస్తారని అడిగింది. రోడ్డు పని చూసే పెద్దమనిషి ఈ ఏడు కాదు, పైయేడు, కారణం ఇదీ అని నిలబడి చెప్పాడు. ఆవిడ కూర్చుని ఆ బడ్జెట్‌కే చెయ్యెత్తింది. గ్రామసభలు కాగితం మీద జరగడం చూసి పెరిగిన నాకు అది మర్చిపోలేని పొద్దు.

మరి తారు వేసెయ్యొచ్చు కదా? మన దగ్గర 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలయ్యాక ఎన్ని పల్లెల బతుకు మారిందో చూసినవాళ్ళం, మనకి ఆ ప్రశ్న సహజం. కానీ తారు కింద కూడా అదే మట్టి, అదే వత్తి. ఉబ్బుతుంది, పగులుతుంది, పగుళ్ళలోకి నీరు దిగి గుంటలు పడతాయి. మట్టిరోడ్డుని మేలో గ్రేడర్ ఒక్క పూటలో సరిచేస్తుంది, పగిలిన తారుని అలా చెయ్యలేం. అడుగునుంచీ సరిగ్గా కట్టకుండా పైన తారు పూస్తే డబ్బు దండగ. రాష్ట్ర రాజధాని మాంట్‌పీలియర్ కూడా 2009లో ఒక పాడైన తారు రోడ్డుని తవ్వి, అడుగున బట్ట పరిచి, మళ్ళీ కంకర రోడ్డుగా మార్చింది. రోజుకి వంద బళ్ళు తిరగని దారికి మంచి మట్టిరోడ్డే సరైన రోడ్డని నేను ఇప్పుడు నమ్ముతాను. నంద్యాలలో ఉన్నప్పుడు ఎవరైనా ఈ మాటంటే ఒప్పుకునేవాణ్ణి కాదు.

నడిపేవాళ్ళు నేర్చుకోవలసింది కొంత ఉంది. పని ఉంటే పొద్దున్నే, రోడ్డు గడ్డగా ఉన్నప్పుడే. పగలు పోవలసి వస్తే బురద మొదలయ్యేముందే వేగం కుదుర్చుకుని, మధ్యలో ఆగకుండా, స్టీరింగ్ గట్టిగా తిప్పకుండా పోవాలి. ఆగితే దిగబడినట్టే. గాడి లోతు కారు పొట్టకంటే ఎక్కువుంటే గాట్లో దిగకుండా ఎత్తుల మీద చక్రాలు పెట్టాలి. నాలుగు చక్రాలూ తిరిగే బండి ఉంది కదా అని ధైర్యం చెయ్యకూడదు. అలాంటి బండి ఇంకాస్త లోపలికి పోయి దిగబడుతుంది. ఫోన్లో మ్యాప్ చూపిన అడ్డదారి అసలే నమ్మకూడదు. ఇక్కడ ఊరి రోడ్లకి నాలుగు తరగతులు. నాలుగో తరగతి దారిని బాగుచెయ్యాల్సిన బాధ్యత ఊరికి ఉండదు, మ్యాప్‌కి ఆ తేడా తెలియదు.

ఒక ఏప్రిల్‌లో వెర్మాంట్‌లోని పెద్ద పట్నం బర్లింగ్టన్ నుంచి వచ్చిన మా స్నేహితుడు అలాంటి దారిలోకే వచ్చాడు. చక్రాలు ఇరుసు దాకా దిగాయి. బండ్లు లాగే కంపెనీకి ఫోన్ చేస్తే ఆ రోడ్డు పేరు వినగానే రాలేమన్నారు. వాళ్ళని తప్పు పట్టను, వాళ్ళ లారీ కూడా దిగబడేది. సాయంత్రం ఐదింటికి పక్కింటి పెద్దాయన ట్రాక్టరు, గొలుసు తెచ్చాడు. రేపు పొద్దున రోడ్డు గట్టిపడ్డాక లాగుదామా అని నేనంటే తల అడ్డంగా ఊపాడు. రాత్రి గడ్డకడితే చక్రాలు సిమెంటులో పాతినట్టు బిగుస్తాయట. చీకటి పడేలోపే లాగేశాడు. డబ్బు తీసుకోలేదు.

2022 మార్చిలో వచ్చిన బురద చాలా ఏళ్ళలో చూడనంత చెడ్డదని ఇక్కడ పుట్టినవాళ్ళే అన్నారు. ఆ ఏడాది శుభకృత్ ఉగాది ఏప్రిల్ 2న, శనివారం. మూడు కుటుంబాల్ని భోజనానికి పిలిచాం. మావాళ్ళలో ఎక్కువమంది తారు రోడ్ల మీద ఉండేవాళ్ళు, వాళ్ళకి ఇది కొత్త. కార్లు కూడలి దగ్గర చర్చి ముందు ఆపి మైలు నడిచి రమ్మన్నాను. పట్టుచీరల్లో మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, వదిన పులిహోర గిన్నె నెత్తిన పెట్టుకుని, పిల్లలు పాత రాతిగోడ అంచు పట్టుకుని వచ్చారు. "తమ్ముడూ, మా అమ్మమ్మ వాళ్ళ ఊరికి పోయినట్టుందయ్యా" అంది వదిన గుమ్మంలో బూట్లు విప్పుతూ. ఇండియా నుంచి తెచ్చి ఎండబెట్టి దాచిన వేపపువ్వుతో పచ్చడి చేశాం. ఎవరి కారూ ఆ రోజు రోడ్డుని చెడగొట్టలేదు.

నడవడానికి కూడా హద్దుంది. కొండల మీద కాలిబాటలూ ఇదే తీరున మెత్తబడతాయి. అందుకే అక్కడి బాటల బాగోగులు చూసే గ్రీన్ మౌంటెన్ క్లబ్ ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి సెలవుల దాకా ఎత్తైన బాటల మీదికి రావద్దని కోరుతుంది. బురదని తప్పించుకుందామని పక్కన గడ్డి మీద నడిస్తే బాట వెడల్పై, మొక్కలు చచ్చి, మట్టి కోతకి గురవుతుంది.

ఆ మట్టి ఎక్కడికి పోతుందన్నది ఈమధ్య పెద్ద విషయమైంది. రోడ్డు బురద కాలువలోకి, కాలువ వాగులోకి, వాగు చాంప్లేన్ సరస్సులోకి. మట్టితో పాటు ఫాస్ఫరస్ పోతుంది, వేసవిలో సరస్సు మీద పచ్చటి నాచు తెట్టెకట్టి ఈతకి కూడా పనికిరాకుండా పోతుంది. వెర్మాంట్ 2015లో నీటి శుద్ధికి చట్టం చేసింది. 2018 నుంచి ఊళ్ళు తమ రోడ్ల కాలువలు, తూములు ఎలా ఉన్నాయో లెక్క రాసి ఒక పద్ధతి ప్రకారం బాగుచెయ్యాలి. చిన్న ఊళ్ళకి ఇది భారమే. అయినా కాలువకి రాయి పరిస్తే సరస్సు, రోడ్డు రెండూ బాగుపడతాయి.

చలికాలం మారుతోంది కూడా. ఒకసారి గడ్డకట్టి ఒకసారి కరిగే పాత తీరు పోయి, జనవరిలోనే కరిగి మళ్ళీ గట్టిపడటం తరచవుతోంది. బోర్డు ఎప్పుడు కట్టాలో క్యాలెండర్ చూసి చెప్పడం కుదరడం లేదు. ఫిన్లాండులో ఈ కాలాన్ని కెలిరిక్కో అంటారు, రష్యాలో రస్పూతిత్స. అక్కడా ఇదే మట్టి, ఇదే మంచు, ఇవే బరువు హద్దులు.

మే మొదటి వారంలో ఒక పొద్దున గ్రేడర్ చప్పుడు వినిపించింది. దాని బ్లేడు కింద గాళ్ళు చెదిరి, అంచులకి పోయిన కంకర మధ్యకి చేరి, రోడ్డుకి మళ్ళీ నడుం వచ్చింది. వెనక వచ్చిన మనిషి స్తంభానికి కట్టిన బరువు బోర్డు విప్పి బండిలో వేసుకున్నాడు. మధ్యాహ్నానికి నూనె ట్యాంకర్ వచ్చింది, దాని వెనక సన్నగా దుమ్ము లేస్తోంది. మా ట్యాంకు గేజులో ముల్లు పావుకి కిందే ఉంది.